డీబీఏ ఆర్మీ లిస్టులో "6×4బీడీ" అంటే ఏమిటి?

ప్రాచీన యుద్ధాల టేబుల్‌టాప్ ఆట డీబీఏలో మామూలుగా ఏ సైన్యానికైనా 12 ఎలిమెంట్లే (ఎలిమెంట్ అంటే బొమ్మలు నిలిపిన ఒక బేస్). మీరడిగిన "6×4బీడీ" (పొగతాగే బీడీ కాదు!) పాలిబియన్ రోమన్ లిస్టులో కనిపిస్తుంది. 6 అంటే ఎలిమెంట్ల లెక్క, 4 అంటే ఒక్కో బేస్ మీద నిలిపే బొమ్మలు, బీడీ అంటే బ్లేడ్స్. కత్తితో దగ్గరగా పోరాడే కాల్బలం అన్నమాట. ఇక్కడ హస్తాతీ, ప్రిన్సిపేస్ అనే రోమన్ సైనికుల ముందు రెండు వరసలు. మిగతా ఆరూ రెండు గుర్రపు దళాలు, రెండు ఈటెల ట్రియారీ, రెండు తేలికపాటి వెలైట్లు.

లిస్టులో "లేదా" అని ఉన్నచోట ఒకటే ఎంచుకోవాలి.

కొత్తవాళ్లు పెద్దగా పట్టించుకోనిది ప్రతి సైన్యానికీ లిస్టులో ఇచ్చే అగ్రెషన్ (దూకుడు) అంకె. నా దృష్టిలో ముందు చూడాల్సింది అదే. ఇద్దరూ పాచిక వేసి, ఎవరి అంకె వాళ్లు కలుపుకుంటారు. తక్కువ వచ్చినవాళ్లే డిఫెండర్, బల్ల మీద అడవులు, గుట్టల్లాంటి నేల పరిచేదీ వాళ్లే. అంకె పెద్దదైతే తరచూ పరాయి నేల మీదే పోరాడాలి. గుర్రాలు ఎక్కువున్న సైన్యానికి ఎదురుగా అడవులు, గుట్టలు పరిచారంటే ఇక టెన్షనే.