ఆ మూడో కుర్చీ ఎవరిది?

ప్రశ్న: అత్తగారి పాత సామాన్లలో ఒక నలుపు తెలుపు ఫొటో దొరికింది. కుర్చీలు మూడు, కూర్చున్నది ఇద్దరు ఆడవాళ్లు. మూడో కుర్చీలో మడతపెట్టిన కండువా. వాళ్లెవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. కథ రాయబోతే ప్రతిసారీ 'చనిపోయిన అన్నయ్య' దగ్గరికే పోతోంది. ఎలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఖాళీ కుర్చీ కనబడితే చావు తట్టడం సహజం. కానీ ఆ ఫొటో చూసిన ప్రతివాళ్లకూ అదే తడుతుంది. అందుకని కథ సంగతి కాసేపు పక్కనపెట్టి ఓ పావుగంట ఫొటోనే చూడండి. తెల్లకాగితంతో మూడొంతులు కప్పేసి, ఒక్కో భాగాన్నీ విడిగా భూతద్దంతోనో, ఫోన్లో పెద్దది చేసో చూడాలి. ఇరవై వివరాలు రాసుకోండి. 'దిగులుగా ఉంది' అని రాస్తే అది మీ అభిప్రాయం. 'బొటనవేలు పిడికిట్లో దాచుకుంది' అంటే అది కంటికి కనిపించేది. మొదటి పదీ ఎవరికైనా కనిపిస్తాయి. తిరగబడ్డ చెప్పు, జాకెట్టుకు పెట్టిన పిన్నీసు లాంటివి ఆ తర్వాతే బయటపడతాయి.

ఇప్పుడు ఆ జాబితాలో మిగతావాటితో పొసగని ఒక్కదాన్ని పట్టుకోండి. మీ ఫొటోలో నాకైతే ఆ మడతే కనిపిస్తోంది. పోయిన మనిషి గుర్తుగా అయితే కండువాను కుర్చీ వీపుకు పరిచేవారేమో. మడతపెట్టి పెట్టాడంటే తిరిగొచ్చి వేసుకుందామనే కదా! మరి అతను వచ్చేదాకా ఆగకుండా 'తీసెయ్యండి' అన్నదెవరు? ఫొటోకు డబ్బు ఎవరిచ్చారు? కాపీ ఏ ఊరికి పంపడానికి? మూడింటికీ ఒక్కో వాక్యంలో మూడేసి జవాబులు రాసి, మొదటి రెండూ కొట్టేయండి. మూడోది మీదే అవుతుంది.

కథను ఫొటో తీసిన క్షణంలో పెట్టకండి. స్టూడియోలో నెగెటివ్ కడిగి, ప్రింటు వేసి ఇచ్చేసరికి రోజులు పట్టేది. కెమెరా ముందు కూర్చున్న రోజుకీ, కవరు చేతికొచ్చిన రోజుకీ మధ్య ఆ ఇంట్లో ఏం జరిగింది? 800 మాటల కథకు ఇద్దరు మనుషులు, ఒక చోటు, ఒక పూట చాలు. ట్రంకుపెట్టె తెరిస్తే ఫొటో దొరికిందనే ఎత్తుగడ మాత్రం వద్దు. మనవరాలు, అమ్మమ్మ, జ్ఞాపకం అంటూ అసలు సంగతికొచ్చేసరికి సగం కథ ఖర్చయిపోతుంది.

ప్రశ్న: ఫొటో ఏ కాలానిదో తెలియకపోతే కథలో తప్పులు దొర్లవా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: దొర్లుతాయి. ముందు ఫొటో వెనక్కి తిప్పండి. స్టూడియో ముద్ర కింద పెన్సిలుతో రాసిన అంకె ఉంటే అది నెగెటివ్ నంబరు కావచ్చు. మళ్లీ కాపీలు కావాలంటే దాంతోనే వెతికేవారు. చతురస్రంగా ఉన్న ఇంటి ఫొటో అయితే అగ్ఫా క్లిక్ త్రీ లాంటి కెమెరాతో తీసి ఉండొచ్చు. దానిలో వేసే '120' రకం ఫిల్ము రోలుకు 12 బొమ్మలే. రోలు పూర్తయ్యేదాకా కడిగించకుండా ఉంచేవారు కాబట్టి, సంక్రాంతి బొమ్మా ఆ తర్వాతి పెళ్లి బొమ్మా ఒకే కవరులో రావచ్చు. కథకుడికి ఇంతకంటే ఏం కావాలి!

రంగుల ఫొటో మూలన నారింజ రంగు తేదీ ఉంటే గుడ్డిగా నమ్మకండి. బ్యాటరీ మారిస్తే చాలా కెమెరాల్లో తేదీ మొదటికొచ్చేది, సరిచేయకపోతే తప్పు తేదీయే పడేది. ఇంకోటి: పైట కుడి భుజం మీద, చొక్కా జేబు కుడివైపు కనిపిస్తే నెగెటివ్ తిరగేసి ప్రింటు వేశారని అనుమానించండి. అది చూసుకోకుండా 'ఎడమచేతి వాటం మనిషి' అని రాస్తే కథ పునాదే తప్పుతుంది.

ప్రశ్న: పాతపుస్తకాల కొట్లో కొన్న ఫొటోను కథతోపాటు అచ్చుకు పంపొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కొన్నంత మాత్రాన హక్కు రాదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే తొలి హక్కుదారులని మన కాపీరైట్ చట్టం చెబుతుంది. పైగా ఆ మనుషుల పిల్లలు ఎక్కడో ఉండే ఉంటారు. వాళ్ల అమ్మకు మీరు కల్పించిన రహస్యం అంటగట్టడం తగదు. ఫొటో పంపకండి, వెనక రాసిన పేర్లూ ఊరూ మార్చండి. తర్వాత ఫొటో చూడని ఒకరికి కథ చదివి వినిపించండి. ఎక్కడ 'ఎవరూ?' అని ఆపితే ఆ పేరా తిరగరాయాలి.