సంతకం పెట్టండి, కానీ ఒక్క ఏడాదికే

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2023లో విడాకులయ్యాయి. ఎనిమిదేళ్ల పాప నా దగ్గరే ఉంటుంది, అద్దె, ఇంటి ఖర్చులు నావే. వారం విడిచి వారం శని, ఆదివారాలు వాళ్ల నాన్న దగ్గరికి వెళ్తుంది. బేసి సంవత్సరాల్లో పాపను ఆయన ట్యాక్స్‌లో చూపించుకోవచ్చని కోర్టు ఆర్డర్‌లో ఉంది. 2025కి పాపను చూపించుకునే హక్కు ఆయనకు వదిలేసే ఫారం 8332 మీద సంతకం అడుగుతున్నారు. పెడితే నాకేమీ మిగలదని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు, టెన్షన్ పడకండి. ఆ సంతకంతో ఆయనకు వెళ్లేది 2025 చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్, అంటే పాప పేరు మీద పన్నులో తగ్గే 2,200 డాలర్లు. పిల్లల్ని తన దగ్గర ఉంచుకుని ఇల్లు నడిపే ఒంటరి తల్లికో తండ్రికో ఇచ్చే హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ హోదా మీదే. దాని స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను లెక్కకు ముందు ఆదాయంలోంచి తీసేసే మొత్తం, 23,625 డాలర్లు, సింగిల్‌గా వేస్తే 15,750 మాత్రమే. పాపకు 13 ఏళ్లు నిండలేదు కాబట్టి, స్కూలయ్యాక ఉంచే ఆఫ్టర్‌కేర్ ఫీజు మీద వచ్చే క్రెడిట్ కూడా మీకే. ఈ రెండూ రాసిచ్చినా ఆయనకు వెళ్లవు.

చాలామంది నష్టపోయేది ఫైలింగ్ దగ్గర. "ఈసారి పాప ఆయనది కదా" అని ట్యాక్స్ సాఫ్ట్‌వేర్‌లో పాప పేరే తీసేస్తారు. దాంతో సింగిల్ అయిపోతారు. దయచేసి అలా చేయకండి. పేరు ఉంచి, పాప మీతోనే ఉందని చెప్పి, ఫారం 8332 ఇచ్చారా అన్నచోట అవును అనండి.

ఆ ఫారంలో పార్ట్ 1 ఒక్క ఏడాదికి, పార్ట్ 2 రాబోయే ఏళ్లకు. పార్ట్ 1 మాత్రమే నింపి, 2025 అని రాసి, కాపీ దాచుకోండి. పార్ట్ 2లో సంతకం పెట్టాక వద్దనుకుంటే, ఆ సంగతి ఆయనకు తెలియజేసిన మరుసటి ఏడాది నుంచే రద్దు అమల్లోకి వస్తుంది.

అసలు ఇవ్వకపోతే? అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు మీ కోర్టు ఆర్డర్‌తో పని లేదు, 2008 తర్వాతి విడాకులకు ఫారం 8332 ఉండాల్సిందే. కానీ ఆర్డర్ మీరితే ఫ్యామిలీ కోర్టులో సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. చైల్డ్ సపోర్ట్ బాకీ లేకుంటేనే ఆయనకు ఈ హక్కు అని కొన్ని ఆర్డర్లలో ఉంటుంది. మీదాంట్లో ఉందేమో లాయర్‌తో చదివించండి.

పాప ఎవరితో ఉంటున్నట్టో తేల్చడానికి, ఎవరి దగ్గర ఎక్కువ రాత్రులు పడుకుందన్నదే ఐఆర్‌ఎస్ లెక్క. వేసవిలో పాప హైదరాబాద్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉన్నా, ఆ రాత్రులు మామూలుగా ఎవరి దగ్గర ఉండేదో వాళ్ల ఖాతాలోకే వెళ్తాయి. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి, స్కూల్ రికార్డుల్లో పాప చిరునామా మీదే ఉందో లేదో చూసుకోండి.

2026 మీ వంతు. ఇప్పుడే ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఐపీ పిన్, అంటే రిటర్న్ వేసేది మీరేనని చూపే నంబరు, తీసుకోండి. ఈ పిన్ ఏటా మారుతుంది, కాబట్టి ఫైల్ చేసేటప్పుడు కొత్తది చూసుకోండి. ఆయన ముందే పాపను చూపించి ఫైల్ చేసినా, పిన్ ఉంటే మీ ఈ-ఫైల్ వెనక్కి రాదు.