అన్యోన్యం అన్నావు, ఏదీ?

తమ్ముడూ,

నీ కథ అందింది. ఆసుపత్రి వరండాలో మొగుడూ పెళ్లాం మాటల్లేకుండా కూర్చున్న ఘట్టం బాగుంది. పేజీ తిప్పగానే ఇది తగిలింది: "ఆ దంపతులు పరస్పరం ఒకరినొకరు ఎంతో అన్యోన్యంగా ప్రేమించుకునేవారు." అక్కడే కాగితాలు పక్కన పడేశాను.

పరస్పరం ఒకటి, ఒకరినొకరు రెండు, అన్యోన్యంగా మూడు. మరి 'ప్రేమించుకునే'లో ఉన్న 'కొను' ఏం పాపం చేసింది? తెలుగులో అసలు చాకిరీ దానిదే. కొట్టుకున్నారు, పోట్లాడుకున్నారు, మాట్లాడుకున్నారు అనగానే రెండో మనిషి వచ్చి నిలబడతాడు. తికమక ఉన్నచోటే దానికి సాయం కావాలి. 'ఇద్దరూ తిట్టుకున్నారు' అంటే ఎవరిని వాళ్లా, ఎదుటివాళ్లనా? అక్కడ 'ఒకరినొకరు' వెయ్యి. అదైనా క్రియ అడిగిన విభక్తితోనే. నీ కథలో ఉత్తరాలు 'ఒకరినొకరు' రాసుకున్నారు, ఒకరికొకరు రాసుకుంటారయ్యా! రెండు ఇళ్లు కూడా 'ఒకరినొకరు' ఆనుకున్నాయి. గోడలకు 'ఒకదాన్నొకటి' చాలు.

కొత్తల్లో నా కథలో అత్తాకోడళ్లు తిట్టుకుంటే, ఒక సంపాదకుడు దాన్ని 'పరస్పరం దూషించుకొనిరి' అని దిద్ది అచ్చేశాడు. మా అమ్మ చదివి, "వీళ్లు వంటింట్లో ఉన్నారా, రాజసభలో ఉన్నారా?" అంది. ఆయన పారితోషికం ఎగ్గొట్టాడు, అది వేరే సంగతి. ఆ జాతి ఇంకా అంతరించలేదు.

పరస్పరానికి ప్రేమైనా పగైనా ఒకటే: పరస్పర సహకారం, పరస్పర ఆరోపణలు. సంస్కృతంలో అన్యోన్యమూ అంతే. తర్కంలో అన్యోన్యాశ్రయం, అంటే దీనికి అది, దానికి ఇది ఆధారమనడం, ఏకంగా దోషం. మన వాడుకలో మాత్రం అన్యోన్యం మంచికే అంకితమైపోయింది. 'అన్యోన్య ఆరోపణలు' అని ఎవరూ అనరు. అప్పయ్య దీక్షితులు తన సంస్కృత అలంకారగ్రంథం కువలయానందంలో అన్యోన్యాలంకారానికి ఇచ్చిన ఉదాహరణ చూడు: చంద్రుడి వల్ల రాత్రి ప్రకాశిస్తుంది, రాత్రి వల్ల చంద్రుడు ప్రకాశిస్తాడు. ఉపకారం అటూ ఇటూ జరగాలని ఆయన చెప్పిన లక్షణం. ఒకవైపే జరిగితే ఆ అలంకారమే లేదు.

ఇక నీ దంపతులు. ఆమె ఆయనకు మందులిస్తుంది, అప్పులవాళ్లకు సమాధానం చెబుతుంది, ఆయన చొక్కాకి ఊడిన బొత్తాం కుడుతుంది. ఆయన పేపరు చదువుతాడు. కథ మొత్తంలో ఆమె కోసం ఆయన చేసిందల్లా ఆమె దగ్గినప్పుడు పేపరు కాస్త దించడం. దీన్ని అన్యోన్యం అంటే నేనెలా నమ్మను?

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవన్నీ తర్వాత. ముందు ఆయన చేత ఆమెకోసం ఒక్క పని చేయించు, ఎంత చిన్నదైనా సరే. నీ చేత కాకపోతే ఆ వాక్యం కొట్టేసి, ఆమె ఆయన్ని ప్రేమించింది అని రాయి. అప్పుడు ఆ 'కొను' కూడా తీసెయ్యాలి సుమా.