నురగొస్తే కావేరీయేనా? (మీ ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: మేం కె.ఆర్.పురం దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. కావేరీ కనెక్షన్ వచ్చేసిందని మెయింటెనెన్స్ పెంచారు, ట్యాంకర్లు చూస్తే ఇంకా వస్తూనే ఉన్నాయి. మీటింగ్‌లో అడిగితే "కావేరీ నీళ్ళయితే సబ్బు బాగా నురగొస్తుంది మేడమ్, మీ ఇంట్లో వస్తోందా లేదా?" అన్నారు. వస్తోంది అన్నాను. "మరింకేంటి" అన్నారు, అందరూ తలూపేశారు. ఎక్కడో తేడా కొడుతోంది గానీ అదేంటో చెప్పలేకపోయా. నాది బీకాం, లాజిక్ ఎప్పుడూ చదవలేదు. ఇలాంటివి పట్టుకోవడం ఇప్పుడు నేర్చుకోవచ్చా అండీ?
ఒక గృహిణి, బెంగళూరు

జవాబు: తప్పకుండా నేర్చుకోవచ్చమ్మా, తేడా కొట్టిందంటేనే మీకు సగం వచ్చినట్టు. వాళ్ళు చెప్పిన మొదటి మాట కరెక్టే, కావేరీ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం బోరు నీళ్ళలో ఉన్నంత ఉండవు కాబట్టి నురగ బాగానే వస్తుంది. కానీ "కావేరీ అయితే నురగొస్తుంది" అన్నదాన్ని తిరగేసి "నురగొచ్చింది కాబట్టి కావేరీ" అనేశారు చూడండి, అలా తిరగెయ్యడానికి వీల్లేదు. బోరు నీళ్ళైనా ట్యాంకరు నీళ్ళైనా సాఫ్ట్‌నర్ ప్లాంటులోంచి (గట్టి నీళ్ళని మెత్తగా చేసేది, ఉప్పుతో నడుస్తుంది) పంపిస్తే అంతే నురగొస్తుంది కదా! మీ ప్లంబర్‌ని అడగండి, ప్లాంటుకి ఉప్పు బస్తాలు ఇంకా తెప్పిస్తున్నారా అని.

ఇది మనవాళ్ళు ఎప్పుడో పట్టుకున్న తప్పే. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు సంస్కృతంలో తర్కసంగ్రహం అని చిన్న పుస్తకం రాశాడు, న్యాయశాస్త్రం (లా కాదు, తర్కం) మొదలుపెట్టేవాళ్ళకి ఇప్పటికీ ముందు అదే చెప్తారు. అందులోని ఉదాహరణ చూడండి, కొండమీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పుంది, ఇది సరైన వాదన, పొగ ఉన్నచోట నిప్పుండటం వంటింట్లో చూసిందే. అదే "నిప్పుంది కాబట్టి పొగుంది" అంటే మాత్రం ఒప్పుకోడు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగేదీ? పొగ రావాలంటే నిప్పుకి తడి కట్టె తగలాలి. ఇలా పైకి చెప్పకుండా వెనకాల దాక్కున్న కండిషన్‌ని ఉపాధి అంటారు. మీ మీటింగ్‌లో ఒక్కరైనా ఆ ఇనపగుండు లాంటి ఎగ్జాంపుల్ ఒకటి, అంటే కావేరీ కాకపోయినా నురగొచ్చే నీళ్ళు చూపించి ఉంటే ఆ వాదన అక్కడితో ఆగిపోయేది, నాకు బాధనిపించేది ఏంటంటే అంతమంది చదువుకున్నవాళ్ళు కూర్చుని ఆ ఒక్క ప్రశ్న అడగకుండా తలూపడం.

మరి ఏది నిలుస్తుంది అంటారా, "నురగ రావట్లేదు, కాబట్టి ఇది కావేరీ కాదు" అన్నది నిలుస్తుంది, కావేరీ అయితే నురగొచ్చి తీరుతుందన్న మాట నిజమైనంత వరకు. దీన్ని వాడుకుని ఇంకో పరీక్ష చెయ్యొచ్చు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి బదులు సోడియం పెడుతుంది, కాబట్టి నురగొస్తుంది గానీ టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల మొత్తం) తగ్గదు. కావేరీ నీళ్ళలో టీడీఎస్ తక్కువే ఉంటుంది. టీడీఎస్ మీటరు కొనుక్కుని కుళాయి దగ్గర పెట్టి చూడండి, బాగా ఎక్కువ చూపిస్తే మీ సంపులో ఉన్నది అచ్చంగా కావేరీ కాదని గట్టిగా చెప్పొచ్చు. తక్కువ చూపిస్తే మాత్రం "కావేరీయే" అనెయ్యకండి, మళ్ళీ అదే తిరగెయ్యడం అవుతుంది, వాన నీళ్ళకీ ఆర్వో నీళ్ళకీ కూడా తక్కువే ఉంటుంది.

ఇంకోటి, ఇది చాలామంది మర్చిపోతారు. వాళ్ళ వాదన తప్పని తేలినంత మాత్రాన కావేరీ రాలేదని తేలినట్టు కాదు. తప్పు దారిలో వెళ్ళి కూడా నిజం చెప్పొచ్చు. 2024 అక్టోబరులో కావేరీ ఐదో స్టేజి మొదలైంది, సిటీలో కలిసిన 110 గ్రామాల కోసం రోజుకి 775 మిలియన్ లీటర్ల స్కీము, మీ వైపు చాలా ఏరియాలు అందులోకే వస్తాయి, కాబట్టి కనెక్షన్ నిజంగానే వచ్చి ఉండొచ్చు. ఈసారి మీటింగ్‌లో నురగ సంగతి ఎత్తకుండా జలమండలి బిల్లు చూపించమనండి, నెలకి ఎన్ని కిలోలీటర్లు వచ్చాయి, ట్యాంకర్లకి ఎంత కట్టారు, రెండూ పక్కపక్కన పెడితే విషయం తెలుస్తుంది.

ప్రశ్న: సార్, ఎలక్ట్రానిక్ సిటీలో పీజీలో ఉండి ప్లేస్‌మెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. మాక్ ఇంటర్వ్యూలో ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె ఉన్న నాలుగు కార్డుల్ని పైకి అ, క, 4, 7 కనిపించేలా పెట్టి, "ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి, ఈ రూల్ నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పాలి" అన్నారు. అ, 4 అన్నా, తప్పన్నారు. నాకు లాజిక్ రాదా?

జవాబు: డీలా పడకు తమ్ముడూ. ఇది పీటర్ వాసన్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు 1966లో బయటపెట్టిన పజిల్, ఇలా అక్షరాలు అంకెలతో అడిగితే పదిమందిలో ఒక్కరు కూడా కరెక్టుగా చెప్పడం కష్టం, చాలామంది నీలాగే చెప్తారు. జవాబు అ, 7. 4 వెనక క ఉన్నా రూల్‌కి ఏం కాదు, సరిసంఖ్య ఉంటే వెనక అచ్చే ఉండాలని రూల్ చెప్పలేదు. 7 వెనక అచ్చు ఉంటే మాత్రం రూల్ పోయినట్టే.

ఇప్పుడు బీఎంటీసీ (బెంగళూరు సిటీ) బస్సులో చెకింగ్ అతన్ని తలుచుకో. 2023 జూన్‌లో శక్తి స్కీము వచ్చాక కర్ణాటక ఆడవాళ్ళకి మామూలు బస్సుల్లో జీరో టికెట్ (ఫ్రీ టికెట్) ఇస్తున్నారు, మగవాళ్ళకి అది ఉండకూడదు. నలుగురున్నారనుకో, ఒకరి చేతిలో జీరో టికెట్ కనిపిస్తోంది కానీ మొహం కనపడట్లేదు, ఇంకొకరి చేతిలో డబ్బులిచ్చి కొన్న టికెట్, మూడో ఆవిడ, నాలుగో ఆయన. అతను ఎవర్ని చూస్తాడు? జీరో టికెట్ పట్టుకున్నది ఎవరో చూస్తాడు, నాలుగో ఆయన్ని టికెట్ అడుగుతాడు, అంతే, ఆవిడ దగ్గర ఏ టికెట్ ఉన్నా గొడవే లేదు. ఇది అదే పజిల్! 1982లో ఫ్లోరిడాలో గ్రిగ్స్, కాక్స్ అని ఇద్దరు దీన్నే బీరు తాగే వయసు రూల్‌గా మార్చి అడిగితే నలుగురిలో ముగ్గురు దాకా కరెక్ట్ చెప్పారు. కాబట్టి ట్రిక్కులు బట్టీ పట్టేకంటే, ఏ రూల్ ఇచ్చినా "దీన్ని ఎవరు తప్పించగలరు" అని మనుషుల్ని పెట్టుకుని వెతుకు.

ప్రశ్న: బెంగళూరు వచ్చాక జుట్టు విపరీతంగా ఊడుతోంది. ఇక్కడి నీళ్ళ వల్లే కదా?

జవాబు: వచ్చాక ఊడింది కాబట్టి నీళ్ళే అనడానికి లేదమ్మా, ఊరుతో పాటు తిండి, నిద్ర, షిఫ్టులు, టెన్షన్ అన్నీ మారాయి. పైగా జ్వరమొచ్చినా, బాగా బరువు తగ్గినా, పెద్ద టెన్షన్ పడ్డా జుట్టు అప్పుడే ఊడదు, రెండు మూడు నెలల తర్వాత మొదలవుతుంది, కాబట్టి ఇక్కడికి రాకముందు ఏం జరిగిందో కూడా చూసుకోవాలి. అవే నీళ్ళు పోసుకునే మీ రూమ్మేట్లకీ ఊడుతోందా అడగండి. ముందు స్కిన్ డాక్టర్‌కి చూపించి, ఆయన రాస్తే ఐరన్, థైరాయిడ్ టెస్టులు చేయించుకోండి, కుళాయికి ఫిల్టరు పెట్టించే సంగతి రిపోర్టులు వచ్చాక చూద్దాం.