కోడాక్‌కు, మన కొడుక్కు చుట్టరికం ఉన్నదా?

సందేహం: మాది మిర్యాలగూడ. ఇంట్ల పాత కెమెరా రీలు డబ్బా దొరికితే దాని మీది కోడాక్ పేరు చదివి వినిపించిన, మా నాయనమ్మ "గిదేం పేరు, కొడకా అని తిట్టినట్టున్నది" అన్నది. అది మన కొడుకు నుంచే పుట్టిందని మా దోస్తు అంటడు. నిజమేనా? కొడకా అంటే తిట్టేనా?

సమాధానం: చుట్టరికం ఏం లేదు. అది అంతకుముందు ఏ భాషలోనూ లేని మాట, అమెరికాల జార్జ్ ఈస్ట్‌మన్ 1888ల సొంతంగ అల్లుకున్న పేరు, ఆయనకు ఇంగ్లీషు కే అక్షరమంటే ఇష్టం, అందుకే ముందటా ఎనకా అదే పెట్టుకున్నడు. మన కొడుకు దానికంటే ఎన్నో వందల ఏండ్లు పాతది, కోడె, కోడలు దాని తోడబుట్టిన మాటలే, మూడింటి ఎనకా లేత అనే భావమే ఉన్నది.

మరి నాయనమ్మకు అట్ల ఎందుకు వినపడ్డది అంటే, మన నోటికి మాట చివర అచ్చు లేకుంటే తోచదు, బస్ బస్సయితది, లెన్స్ లెన్సయితది, అట్లనే కోడాక్ కోడాకు అయితది, ఇగ దీర్ఘాలు కొంచెం కుదించి పలికితే కొడకు దాకా ఎంత దూరమని? తెలియని మాటను తెలిసిన మాట దగ్గరికి గుంజుకునుడు చెవికి ఉన్న గుణం, నాయనమ్మ తప్పు కాదు.

కొడకా తిట్టు కానే కాదు, ఈ మాట నేను గట్టిగ చెప్తున్న. నల్లగొండ పల్లెలల్ల తల్లులు "తిన్నవా కొడుకా" అని ఎంత ప్రేమగ అడుగుతరో మీకు తెల్వదా, ముందట ఇంకో మాట తగిలిస్తేనే అది తిట్టు, తప్పంతా ఆ తగిలిచ్చిన మాటది. మా అమ్మ పోయినంక నన్ను అట్ల పిలిచేటోళ్లు లేరు, అందుకే ఆ మాటను తిట్ల లెక్కల కలిపితే నాకు పానం ఉసూరుమంటది.

మీ దోస్తుకు ఒకటి చెప్పుండ్రి, కెమెరాలల్ల కొడుకు వెతకాలంటే సోనీల వెతకాలె. శబ్దం అనే అర్థమున్న లాటిన్ మాట సోనస్‌కు, ఇంగ్లీషుల పిలగాండ్లను ముద్దుగ పిలిచే సన్నీని కలిపి ఆ పేరు కట్టిన్రు, సన్నీ అంటే మన "కొడుకా" అన్నట్టే. గని దాన్ని ఉన్నదున్నట్టు జపనీసుల చదివితే "సోన్ ని" అని పలుకుతది, సోన్ అంటే వాళ్లకు నష్టం, యాపారానికి గా పేరేందని ఇంగ్లీషు స్పెల్లింగుల ఒక ఎన్ తీసేశిన్రు. 1958ల కంపెనీ పేరే సోనీ అయింది.