స్కాట్లాండ్ రాణి మేరీ తన ముగ్గురు భర్తల్లో ఎవరిని ప్రేమించింది? బోత్‌వెల్ కోసమే డార్న్లీని చంపించిందన్నది నిజమేనా?

ప్రేమించింది రెండో భర్త డార్న్లీనే. అదీ కొద్ది నెలల ముచ్చట. తర్వాత మూడో భర్త అయిన బోత్‌వెల్ మీద మోజుతో కట్టుకున్నవాణ్ణి మట్టుబెట్టించిందన్న కథను మాత్రం నేను నమ్మను. ఎందుకో చెబుతాను, జవాబు కాస్త పొడవవుతుంది.

నేను ఎడిన్‌బరోలో ఉంటాను. ఇంటికి వచ్చిన చుట్టాలకు హోలీరూడ్ ప్యాలెస్ చూపించే పని ఎప్పుడూ నామీదే పడుతుంది. వచ్చినవాళ్లలో సగంమంది మేరీ అంటే మగవాళ్ల వెంటపడి రాజ్యం పోగొట్టుకున్న మనిషి అనే అనుకుంటారు. ఆవిడ శత్రువులు 450 ఏళ్ల క్రితం కట్టిన కథ అది. ఇంకా చెక్కుచెదరలేదు.

మొదటి పెళ్లి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 1542 డిసెంబరు 8న పుట్టింది. ఆరో రోజుకల్లా తండ్రి ఐదో జేమ్స్ పోయాడు, పురుడు తీరకముందే పిల్ల రాణి అయింది. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఆమెను తన కొడుక్కి చేసుకుంటానని 1543లో ఒప్పందం రాయించుకున్నాడు. స్కాట్లు ఆ ఏడాది చివర్లో మాట వెనక్కి తీసుకునేసరికి, పిల్లనివ్వరా అంటూ సైన్యాన్ని పంపి ఊళ్లు తగలబెట్టించాడు. ఆ సంబంధం బారినుంచి తప్పించడానికే 1548లో ఐదేళ్ల పిల్లను ఫ్రాన్సుకు ఓడ ఎక్కించారు. అక్కడి యువరాజు ఫ్రాన్సిస్‌తో కలిసి పెరిగింది. 1558 ఏప్రిల్ 24న పారిస్‌లోని నోత్ర్‌దామ్‌లో వాళ్ల పెళ్లి. ఆమెకు 15, అతనికి 14. పెళ్లికి ముందు ఆమె చేత రహస్యంగా కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు: తనకు సంతానం కలగకపోతే స్కాట్లాండ్ ఫ్రాన్సు రాజుకే చెందాలని. ఆ పెళ్లిలో అసలు విషయం ఆ కాగితాలే. పిల్లవాడు రోగిష్టి, 1560 డిసెంబరులో చెవిలో మొదలైన జబ్బు ముదిరి చనిపోయాడు. వాళ్లిద్దరి మధ్య ఉన్నది కలిసి ఆడుకున్న పిల్లల మధ్య ఉండే ఆపేక్ష.

1561 ఆగస్టులో లీత్ రేవులో దిగేనాటికి ఆమె 18 ఏళ్ల వితంతువు. ఆ తర్వాత యూరప్‌లో ఖాళీగా ఉన్న ప్రతి రాకుమారుడి పేరూ ఆమె పెళ్లి మాటల్లో వినబడింది. ఇంగ్లండు రాణి ఎలిజబెత్ అయితే తన ప్రాణంలా చూసుకునే రాబర్ట్ డడ్లీనే ఇస్తానంది. ఆ హోదా సరిపోదని 1564లో అతణ్ణి లెస్టర్ ఎర్ల్‌ను చేసింది కూడా. తనకు అక్కర్లేదా అంటే అదీ కాదు! అంతకుముందు శాస్తెలార్ అనే ఫ్రెంచి కవి మేరీ మంచం కింద దాక్కుని పట్టుబడ్డాడు. తిట్టి వదిలేస్తే కొద్దిరోజుల్లోనే మళ్లీ ఆమె గదిలో దూరాడు. 1563 ఫిబ్రవరిలో సెయింట్ ఆండ్రూస్‌లో తల తీయించారు. రాణి ప్రేమకథల జాబితాలో కొందరు ఇతణ్ణీ చేరుస్తారు, పాపం ఆమె ప్రమేయం ఏమీ లేకపోయినా.

ఇక డార్న్లీ ప్రభువు, అసలు పేరు హెన్రీ స్టువర్ట్. 1565 ఫిబ్రవరిలో ఇంగ్లండు నుంచి వచ్చాడు. పొడగరి, అందగాడు, వీణలాంటి ల్యూట్ వాయిస్తాడు, నాట్యం చేస్తాడు. మేరీ ఆరడుగులకు ఓ అంగుళం తక్కువ. తలెత్తి చూడాల్సిన మగవాడు ఆమెకు అరుదుగా దొరికేవాడు. పైగా దగ్గర బంధువు. అతని తల్లి మార్గరెట్ డగ్లస్, మేరీ తండ్రి ఐదో జేమ్స్ ఒక తల్లి బిడ్డలు, తండ్రులు వేరు. ఈ చుట్టరికం నేను చెప్పడం మొదలుపెట్టగానే మా పెద్దమ్మ మధ్యలోనే అందుకుంది: "అయితే మేనత్త కొడుకే కదమ్మా, వరసైనవాడే!" నిజమే, మన లెక్కలో నిక్షేపంలాంటి మేనరికం. కాకపోతే పిల్లకంటే పిల్లవాడు మూడేళ్లు చిన్న. వాళ్ల మతంలో ఆ వరసకు పోప్ ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి. అది చేతికి అందేదాకా కూడా మేరీ ఆగలేదు.

ప్రేమ అనడానికి నాకు కనిపించే ఆధారాలు ఇక్కడే ఉన్నాయి. స్టిర్లింగ్ కోటలో అతనికి తట్టు పోస్తే తానే దగ్గర కూర్చుని సేవ చేసింది. సవతి అన్న జేమ్స్ స్టువర్ట్ వద్దన్నాడు, ఎలిజబెత్ వద్దంది, ప్రొటెస్టెంట్ ప్రభువులు కత్తులు దూశారు. వింటేనా? రాణి పూర్తిగా మారిపోయింది, ఆ కుర్రాడి మాయలో పడింది అని ఇంగ్లండు రాయబారి థామస్ రాండోల్ఫ్ ఆ వేసవంతా లండన్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. 1565 జులై 29న తెల్లవారగానే హోలీరూడ్‌లో పెళ్లయింది. వితంతువు గనుక నల్లబట్టల్లో పీటలమీదికొచ్చింది. తంతు ముగిశాక చుట్టూ ఉన్నవాళ్ల చేత ఒక్కో పిన్నూ తీయించుకుని, ఆ బట్టలు మార్చుకుంది. అతణ్ణి రాజుగా చాటించింది. అప్పుడు ముద్రించిన వెండి నాణెం మీద అతని పేరు ముందు, ఆమె పేరు తర్వాత: 'హెన్రీ, మేరీ'. దేశానికి రాణి తానై ఉండి!

ఆ ఏడాది తిరగకుండానే కొత్త నాణెం వచ్చింది. దానిమీద 'మేరీ, హెన్రీ'. వాళ్ల కాపురం ఎన్నాళ్లు సజావుగా సాగిందో తెలియాలంటే ఆ రెండు నాణేలు చాలు. డార్న్లీకి తాగుడు, వేట, రాత్రి తిరుగుళ్లు తప్ప పాలనలో ఆసక్తి లేదు, పట్టాభిషేకం మాత్రం కావాలి. ఆమె పోయినా తానే రాజుగా ఉండే హక్కు రాసిమ్మన్నాడు. ఆమె ఇవ్వలేదు. అప్పటికి గర్భవతి. ఇవ్వకపోవడానికి కారణం ఆమె కార్యదర్శి డేవిడ్ రిజియో అని అతని చెవిలో ఊదారు. ఇటలీ నుంచి పాటగాడిగా వచ్చి, ఫ్రెంచి ఉత్తరాలు రాసే ఉద్యోగంలో కుదురుకున్న మనిషి రిజియో. కడుపులో ఉన్నది అతని బిడ్డేనని కూడా చెప్పారు.

హోలీరూడ్‌లో ఇరుకు మెట్లు తిరుగుతూ ఎక్కితే మేరీ పడకగది వస్తుంది. దానికి ఆనుకుని మూలన భోజనాల గది. గది అనడమే ఎక్కువ. నలుగురైదుగురం లోపలికి వెళితే ఆరోవాళ్లు గుమ్మంలో ఆగిపోవాలి. 1566 మార్చి 9 రాత్రి అక్కడ మేరీ, ఆమె సవతి అక్క, రిజియో, మరికొందరు భోజనం చేస్తున్నారు. కింది అంతస్తు డార్న్లీది. అక్కడినుంచి రాణి పడకగదికి రహస్యపు మెట్లున్నాయి. ముందు డార్న్లీ వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. వెనకే కవచం తొడుక్కున్న రూత్వెన్ ప్రభువు, అతని వెనక మిగతావాళ్లు. బల్ల తిరగబడింది, దీపాలన్నీ పడిపోతుంటే సవతి అక్క ఒక్క కొవ్వొత్తిని అందుకుంది. రాణి పావడా కుచ్చిళ్లు పట్టుకుని వేలాడుతున్న రిజియోను వేళ్లు విడదీసి, పడకగది గుండా బయటి గదిలోకి ఈడ్చుకుపోయి పొడిచారు. 56 పోట్లని లెక్క. డార్న్లీ చేతులకు మట్టి అంటలేదు గానీ, అతని బాకు మాత్రం శవంలో దిగబడి దొరికింది. ఆ హంతకులే దాన్ని కావాలని అక్కడ వదిలారు. ఆరు నెలల గర్భిణిని మొగుడు పట్టుకుని కూర్చుంటే ఇదంతా జరిగింది. ఆ మూలగదిలో నిలబడి ఈ సంగతి చెబితే ఎంత మాటకారి చుట్టమైనా గమ్మున ఊరుకుంటాడు. ప్రేమ ఏమైనా మిగిలి ఉంటే ఆ రాత్రితో సరి. అయినా రెండు రోజుల్లో అదే మొగుణ్ణి మాటలతో తనవైపు తిప్పుకుని, అర్ధరాత్రి అతనితోనే తప్పించుకుని, గుర్రంమీద డన్‌బార్ కోటకు చేరింది. పుట్టబోయే బిడ్డ తనదేనని లోకానికి ఒప్పుకోవడానికి అతను ఆమెకు కావాలి. జూన్ 19న జేమ్స్ పుట్టాడు.

ఇప్పుడు స్కాట్లాండ్ ప్రభువుల్లో ఒకడైన బోత్‌వెల్ సంగతి. ఆమె అతణ్ణి ముందే ప్రేమించిందనేవాళ్లు మొదట చూపించేది హెర్మిటేజ్ ప్రయాణం. 1566 అక్టోబరులో సరిహద్దు దొంగలతో పోరులో బోత్‌వెల్ గాయపడితే, జెడ్‌బరో నుంచి హెర్మిటేజ్ కోటకు రాణి ఒక్కరోజులో వెళ్లివచ్చింది, పోనూ రానూ 80 కిలోమీటర్లు. నేను ఆ దారిన కారులోనే వెళ్లాను. మనిషి కనబడని కొండలు, బురద, ఉన్నట్టుండి కమ్మే మంచు. అంత దూరం ప్రియుడి కోసం కాకపోతే ఎవరు వెళతారు అని పుస్తకాలు చదివినప్పుడు నాకూ అనిపించింది. కోట చూశాక అలా అనిపించలేదు. గట్టి రాతిగోడల సరిహద్దు ఠాణా అది, సల్లాపాలాడుకునే చోటులా లేదు. అతను గాయపడ్డ వారం దాటాకే ఆమె వెళ్లింది. వెంట సవతి అన్నతో సహా పరివారం ఉంది. అక్కడున్నది కొన్ని గంటలు. సరిహద్దును కాపాడే అధికారి మంచాన పడితే, ఆ పక్కనే న్యాయసభ జరుపుతున్న పాలకురాలు వెళ్లి చూసింది. తిరిగొచ్చి జెడ్‌బరోలో జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లింది.

రెండోది డార్న్లీ హత్య. 1567 ఫిబ్రవరి 10 తెల్లవారుజామున కర్క్ ఓ ఫీల్డ్ దగ్గర అతను ఉంటున్న ఇల్లు మందుగుండుతో పేలిపోయింది. ఇప్పుడక్కడ విశ్వవిద్యాలయం వారి ఓల్డ్ కాలేజీ ఉంది. డార్న్లీ, అతని నౌకరు తోటలో రాత్రి బట్టలతో శవాలై కనబడ్డారు. వాళ్ల ఒంటిమీద కాలిన గాయం లేదు. ఊపిరాడకుండా చేసి చంపారు. జబ్బుపడ్డ అతణ్ణి గ్లాస్గో నుంచి తీసుకొచ్చింది మేరీయే. అతన్ని వదిలించుకునే మార్గం చూస్తామని క్రెయిగ్‌మిల్లర్ కోటలో ప్రభువులు అంతకుముందే ఆమెతో అన్నారు. నా పరువుకు మచ్చ రాకుండా చూడండి అంది. కనుక ఆమెకు ఏమీ తెలియదని నేను వాదించను. వినీ విననట్టు ఊరుకుంది అంటాను. కానీ భర్తను వదిలించుకోవాలనుకోవడానికి ఆమెకు ప్రియుడు అక్కర్లేదు, ఆ భోజనాల గది చాలు.

ఏప్రిల్‌లో విచారణ అని పేరుకు ఒకటి జరిపి బోత్‌వెల్‌ను నిర్దోషి అన్నారు. వెంటనే చాలామంది ప్రభువులు రాణికి అతనే తగిన వరుడని కాగితం మీద సంతకాలు చేశారు. ఏప్రిల్ 24న, స్టిర్లింగ్‌లో పది నెలల కొడుకును చూసి వస్తున్న మేరీని అతను దారికాచి, దాదాపు 800 మందితో డన్‌బార్‌కు ఎత్తుకుపోయాడు. కొడుకును ఆమె చూడటం అదే ఆఖరు. ఆ రోజు ఆమె వెంట ఉన్న జేమ్స్ మెల్విల్ తర్వాత సూటిగానే రాశాడు: బలవంతంగా అనుభవించాడు గనుక ఇక పెళ్లాడక ఆమెకు గత్యంతరం లేకపోయిందని. మే 15న ప్రొటెస్టెంట్ పద్ధతిలో పెళ్లి. కాథలిక్ మతం కోసం అంత పట్టుబట్టిన మనిషికి! మనకు ఆషాఢం ఎలాగో వాళ్లకు మే నెల అలాగ, పెళ్లికి మంచిది కాదని నమ్మకం. మేలో పెళ్లాడేది చెడ్డవాళ్లేనన్న పాత లాటిన్ పద్యపాదం ప్యాలెస్ గుమ్మానికి ఎవరో అంటించారు. పెళ్లినాడే ఆమె ఫ్రెంచి రాయబారి ముందు చావు కోరుకుంటున్నానని ఏడ్చింది. ప్రియుణ్ణి దక్కించుకున్న స్త్రీ మాటలేనా ఇవి?

నెల తిరిగేసరికి కార్బెరీ కొండ దగ్గర ప్రభువులు ఎదురు తిరిగారు. బోత్‌వెల్ పారిపోయాడు, ఆమె బందీ అయింది. అతణ్ణి వదిలేయమన్నా ఆమె వినలేదు కదా అంటారు. వినలేదు, ఎందుకంటే కడుపుతో ఉంది. వదిలేస్తే పుట్టేవాళ్లకు తండ్రి పేరు ఉండదు. ఆ జులైలో లాక్‌లెవెన్ దీవిలో కవలలు కడుపులోనే పోయారు. ఆ నీరసంలో ఉండగానే సింహాసనం వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించుకున్నారు. ఆమె బోత్‌వెల్‌కు రాసిందని చెప్పే ప్రేమలేఖలు, 'పెట్టె ఉత్తరాలు' (క్యాస్కెట్ లెటర్స్) అని పేరుపడ్డవి, ఒక పెట్టెలో శత్రువుల చేతికే దొరికాయి. అసలు ప్రతులు ఆ తర్వాత మాయమయ్యాయి, మిగిలినవి నకళ్లే.

ఈ గొడవలో నాకు నచ్చే ప్రేమకథ ఒకటుంది, మేరీది కాదు. మేరీ కోసం బోత్‌వెల్ విడాకులిచ్చిన భార్య జీన్ గోర్డన్‌ది. ఆమె పెళ్లిబట్టలకు గుడ్డ ఇచ్చింది మేరీయే. ఆమె బోత్‌వెల్ కంటే ముందే అలెగ్జాండర్ ఓగిల్వీ అనే అతణ్ణి ఇష్టపడింది, కుదరలేదు. బోత్‌వెల్ తర్వాత సదర్లండ్ ఎర్ల్‌ను చేసుకుంది, అతనూ పోయాక 1599లో ఆ ఓగిల్వీనే పెళ్లాడింది. అప్పటికి బోత్‌వెల్ డెన్మార్క్ చెరలో చనిపోయి 21 ఏళ్లు, ఇంగ్లండులో మేరీ తల తెగి 12 ఏళ్లు.

మళ్లీ మేరీ దగ్గరికొస్తే, లాక్‌లెవెన్ నుంచి తప్పించుకుని ఇంగ్లండుకు పారిపోయిన ఆమెను ఎలిజబెత్ బందీ చేసింది. అలా బందీగా ఉండగా నార్ఫోక్ డ్యూక్ అనే ఇంగ్లిష్ ప్రభువుతో నాలుగో పెళ్లి ప్రయత్నం కూడా సాగింది. ఇద్దరూ ఒకరినొకరు చూడనేలేదు, ఉత్తరాల్లోనే నా నార్ఫోక్ అని రాసుకునేది. 1572లో అతనికీ శిరచ్ఛేదం అయింది. దాన్ని ప్రేమ అనాలంటే నాకు మనసొప్పదు, బయటపడే దారి కోసం వెతుకులాట అది.

ఎడిన్‌బరో వచ్చే పని ఉంటే హోలీరూడ్ తప్పకుండా చూడండి. జూన్ చివర, జులై మొదట్లో రాజకుటుంబం వచ్చి ఉన్నప్పుడు సందర్శకులను రానివ్వరు, టికెట్ కొనేముందు తేదీలు చూసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ తిరుగుడు మెట్లు నెమ్మదిగా ఎక్కండి.