తిరుగుదారి ముందు గీసుకో

అనంతపురం

చిరంజీవి హరికి, మేనత్త ఆశీస్సులు.

మీ నలుగురు స్నేహితులు కలిసి వెళ్ళబోయే మార్ఖా లోయ కాలినడకకు నువ్వు రాసి పంపిన రోజువారీ పట్టికను రాత్రి రెండుసార్లు చదివాను. మన ఇంటి పిల్లవాడు లద్దాఖ్ నేల మీద నడుస్తానంటే, ముప్పై ఏళ్ళు పిల్లలకు భూగోళం చెప్పినదాన్ని నేనెందుకు వద్దంటాను? వెళ్ళు, తప్పకుండా వెళ్ళు. ఈ పట్టికతో మాత్రం వెళ్ళవద్దు.

రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడవాలో వరుసగా రాశావు. ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటారో ఒక్కచోటా లేదు. మన అనంతపురం సముద్రమట్టానికి 350 మీటర్ల ఎత్తు కూడా ఉండదు. లేహ్ దాదాపు 3,500 మీటర్లు. ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నరలో అక్కడ దిగుతారు, కానీ ఆ పలుచని గాలికి ఒళ్ళు అలవాటుపడడానికి రోజులు పడుతుంది. మర్నాడే నడక మొదలుపెడతామన్న వాక్యాన్ని కొట్టేసి, లేహ్‌లో రెండు పూర్తి రోజుల విశ్రాంతి అని రాయి. సెలవు దొరికితే శ్రీనగర్ నుంచి రోడ్డు మీద వెళ్ళడం ఇంకా మంచిది. శ్రీనగర్ సుమారు 1,600 మీటర్లు, కార్గిల్ 2,700, ఆ తర్వాత లేహ్. ఎత్తు మెట్లుమెట్లుగా వస్తుంది.

మూడు వేల మీటర్లు దాటాక, ఒక రాత్రి పడుకున్న చోటికి మర్నాటి రాత్రి పడుకునే చోటు 500 మీటర్ల కంటే పైన ఉండకూడదు. ప్రతి మూడు నాలుగు రోజులకు ఒకరోజు ఎక్కకుండా ఆగాలి. ఈ లెక్కతో నీ పట్టిక చూడు. నడక మొదలయ్యే స్కియు నుంచి మార్ఖా ఊరిదాకా ఇబ్బంది లేదు. కానీ మార్ఖా సుమారు 3,800 మీటర్లు, నిమాలింగ్ మైదానం 4,800. ఆ వెయ్యి మీటర్లనూ ఒక్క రోజులో పెట్టావు. మధ్యలో హంకర్ దగ్గర ఒక రాత్రి, దానికి పైన తాచుంగ్‌చే దగ్గర ఇంకో రాత్రి ఆగండి. 20 కిలోమీటర్లే కదా అనుకుని ఉంటావు. నెయిస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో ఒక లెక్క చెప్పాడు. నడకకు గంటకు 5 కిలోమీటర్లు, దానిమీద ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఆ ప్రకారం నీ 20 కిలోమీటర్లకు ఆరు గంటలు చాలు. అది బరువు లేని, కొండ అలవాటున్న మనిషి లెక్క. నాలుగు వేల మీటర్ల పైన, వీపున సంచితో, దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి.

ఇక నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన విషయం. ఈ దారిలో కొంగ్మారు లా అనే పెద్ద కనుమ చివరన వస్తుంది. దాని ఎత్తు సుమారు 5,200 మీటర్లు. నిమాలింగ్‌లో ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే, ముందుకు పోయే దారి ఇంకో 400 మీటర్లు పైకి. కిందికి దిగే దారి ఒక్కటే ఉంది, వచ్చిన దారి. స్కియు చేరడానికి రెండు రోజులు పడుతుంది. నీ పట్టికలో ఆ రెండు రోజులు లేవు. కనుమ దాటిన మర్నాడే విమానం టిక్కెట్టు ఉంది.

నాకు ముప్పైనాలుగేళ్ళప్పుడు ఐదుగురం గఢ్వాల్‌లో ఒక కనుమకు వెళ్ళాం. మాలో అందరికంటే దృఢమైనవాడు ఖోఖో ఆటగాడు, రోజూ పరుగెత్తేవాడు. రెండో రోజు నుంచే అతనికి తలనొప్పి. మాకు రైలు రిజర్వేషన్లు ఉన్నాయని, తనవల్ల ఆలస్యం కాకూడదని చెప్పలేదు. నాలుగో సాయంత్రం అన్నం వద్దన్నాడు. బూటు తాడు కట్టుకోబోతే వేళ్ళు సరిగా పట్టలేదు. నిలబెట్టి, ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్ళు ఆనించి గీత మీద నడిచినట్టు నడవమంటే పక్కకు తూలాడు. తెల్లవారేదాకా చూద్దామని ఇద్దరన్నారు. మా గైడు ఒప్పుకోలేదు. టార్చిలైట్ల వెలుగులో, అతని రెండు చేతులూ మా భుజాల మీద వేసుకుని, రాత్రంతా దిగాం. తెల్లవారే సరికి ఆరువందల మీటర్ల కిందికి చేరాం. అక్కడ అతను కళ్ళు తెరిచి మాట్లాడాడు. ఆ గైడు మా మాట విని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అందుకే చెబుతున్నాను, బలానికీ ఎత్తుకూ సంబంధం లేదు. ఎత్తు మీద తలనొప్పి, వాంతి, తల తిరగడం కనిపిస్తే వేరే కారణం రుజువయ్యేదాకా అది ఎత్తు జబ్బే. తగ్గేదాకా ఒక్క అడుగు పైకి వేయవద్దు. ఎక్కువైతే వెంటనే దిగాలి. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా రాత్రని కూడా చూడవద్దు. మాత్రల సంగతి వెళ్ళేముందు వైద్యుణ్ణి అడుగు. మాత్ర ఉంది కదా అని ఎక్కడం ఆపకపోవడం ప్రమాదం. నలుగురూ ఇంటిదగ్గరే కూర్చుని ఒక మాట అనుకోండి. ఉదయం, సాయంత్రం ఒకరినొకరు తలనొప్పి ఉందా అని అడగాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దిగుదామని ఒక్కరన్నా నలుగురూ దిగాలి. ఆ మాటకు ఒప్పుకోనివాణ్ణి తీసుకువెళ్ళవద్దు, ఎంత ప్రాణస్నేహితుడైనా సరే.

కాబట్టి పట్టికను తిరగరాయి. ప్రతి రాత్రి మజిలీకి ఎదురుగా మూడు సంగతులు రాయి. ఎత్తు ఎంత, అక్కడి నుంచి కిందికి ఏ దారి, బండి దొరికే చోటికి ఎన్ని గంటలు. చివర రెండు ఖాళీ రోజులు పెట్టు. విమానం టిక్కెట్టు ఆ రెండు రోజుల తర్వాతది కొను. సెలవు సరిపోకపోతే కనుమ వద్దు, మార్ఖా ఊరిదాకా వెళ్ళి వెనక్కి రండి. ఆ లోయ అంతమాత్రాన చిన్నబోదు. కనుమ ఎక్కే రోజు నిమాలింగ్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరండి. పదింటికి పైన లేకపోతే వెనుదిరగాలి. ఆ గంట కూడా కాగితం మీద ఉండాలి, అక్కడికి వెళ్ళాక నిర్ణయించుకునేది కాదు.

పొద్దున్నే ఎందుకంటే, మంచు ఎండకు కరిగి మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి. కనుమ దిగాక దారి ఇరుకు లోయలోంచి, వాగును అటూ ఇటూ దాటుతూ పోతుంది. ఉదయం మోకాటి లోతున్న నీళ్ళు సాయంత్రానికి మనిషిని పడగొడతాయి. మన వంకలు నీకు తెలుసు. ఎక్కడో పైన వాన పడితే, చుక్క రాలని చోట వంక పారుతుంది. అక్కడా అంతే, పైగా చెట్టూ చేమా లేని నేల. 2010 ఆగస్టు 5 రాత్రి లేహ్ మీద పడిన కుండపోతకు 200 మందికి పైగా చనిపోయారు. ఎండిన వాగు ఒడిలో ఎంత చదునుగా కనిపించినా గుడారం వేయకండి.

మనిషి తోడు లేకుండా వెళ్ళవద్దు. ఆ లోయలోనే పుట్టినవాణ్ణి గైడుగా పెట్టుకోండి, బేరం చేయకండి. మన గొర్రెల కాపరికి ఏ గుట్ట వెనుక చెలమ ఉందో తెలిసినట్టే, అతనికి ఏ వాగు ఏ గంటకు పొంగుతుందో తెలుసు. ఊళ్ళలో ఇళ్ళలోనే బస దొరుకుతుంది కాబట్టి వంట సామాను తగ్గించుకోవచ్చు. నిమాలింగ్‌లో నీళ్ళు దాదాపు 84 డిగ్రీలకే మరుగుతాయి, మీ అమ్మ కట్టిచ్చే కందిపప్పు అక్కడ ఉడకదు. వేరుశనగ పప్పు, బెల్లం, అటుకులు, పప్పుల పొడి తీసుకువెళ్ళు. తాగే నీళ్ళు మాత్రం మూడు నిమిషాలు తెర్లనివ్వాలి. నూలు బనియన్లు వద్దు, చెమటకు తడిస్తే ఆరవు.

మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకో. లోయలో చాలాచోట్ల అదీ పలకదు. మీ స్నేహితుడు గల్ఫ్ నుంచి తెప్పిస్తానన్న శాటిలైట్ ఫోను మాత్రం ముట్టుకోవద్దు, అనుమతి లేకుండా మన దేశంలో అది నేరం. దానికి బదులు తిరగరాసిన పట్టిక నకలు, గైడు ఫోను నంబరు మీ అమ్మకు ఇవ్వు. ఏ తేదీదాకా కబురు రాకపోయినా కంగారు పడనక్కరలేదో, ఏ తేదీ దాటితే ఎవరికి ఫోను చేయాలో దాని మీద స్పష్టంగా రాయి. లేకపోతే ఆమె మొదటి రోజు నుంచే నిద్రపోదు.

కాళ్ళ సంగతికి రెండు నెలల వ్యవధి ఉంది. గుత్తి కోట మనకు గంట దూరం. ఆదివారం ఆదివారం సంచిలో ఎనిమిది లీటర్ల నీళ్ళు పెట్టుకుని ఎక్కు. దిగేటప్పుడు ఆ నీళ్ళు పారబోయకు, మోకాళ్ళు అలవాటు పడాల్సింది దిగడానికే. లద్దాఖ్‌కు వేసుకువెళ్ళే బూట్లు అప్పటినుంచే వేసుకో. ఈ ఆదివారం నేనూ వస్తాను. కోట పైదాకా రాలేకపోయినా మొదటి వాకిలి దగ్గర నీడలో కూర్చుంటాను. కొత్త పట్టిక తీసుకురా, చూస్తాను.

ఇట్లు,
మీ అత్త